బల్ల మీద దర్జీ

ఐర్లండ్ పల్లెల్లో ఒకప్పుడు చాలామంది దర్జీలకు దుకాణం ఉండేది కాదు. కత్తెర, సూదులు, బరువైన ఇస్త్రీపెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. బట్ట ఆ ఇంటివాళ్లదే. ఆడవాళ్లు ఉన్ని ఏకి, వడికి, నేతగాడి చేత నేయించి ఉంచేవారు. దర్జీ వచ్చి వంటింటి బల్లెక్కి బాసిపట్టు వేసుకుని కూర్చుంటే, ఇంటిల్లిపాదికీ కుట్టి ముగించేదాకా తిండీ పడకా అక్కడే.

బల్ల మీదే ఎందుకంటే నేల మురికి బట్టకంటదు, కిటికీ వెలుతురు తిన్నగా ఒళ్లో పడుతుంది. ఇంకోటి కూడా ఉందని నా అనుమానం. కుర్చీలో కూర్చుని రగ్గు అంచు కుడితే, దాని బరువు కిందికి గుంజి కుట్టు వంకర పోతుంది. అదే మడిచిన మోకాళ్ల మీద పరిచి చూడండి, కదలదు. ముతక ఉన్నితో కోటు కుట్టేవాడికి ఒళ్లే పనిముట్టు.

చేతులకు ఊపిరాడని పని, నోటికి మాత్రం పూర్తి తీరిక. పైగా నిన్న ఉన్న ఊరి కబుర్లు ఈ ఊరికి కొత్తవి. దర్జీలు మాటకారులయ్యారంటే ఆశ్చర్యమేముంది!

వాళ్లలో పేరు మోసినవాడు కార్క్ కౌంటీ, గూగన్ బారా దగ్గరి టిమ్ బక్లీ. ఒక కాలు అవిటిది. పొలం దున్నలేని కుర్రాళ్లను కూర్చుని చేసే ఈ పనిలో పెట్టడం అక్కడ మామూలే. ఆయన, భార్య ఆన్‌స్టీ పొయ్యి పక్కన చెప్పిన మాటలను రచయిత ఎరిక్ క్రాస్ 1942లో పుస్తకంగా తెచ్చాడు. పశువుల ఎదల గురించీ పెళ్లిళ్ల గురించీ రైతులు మాట్లాడుకునే తీరులోనే ఉందది. ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది, ఐర్లండ్ సెనేట్‌లో వాదన జరిగింది. మతగురువులు ఇంటికొచ్చి ఆ ముసలాయన చేత ఆయన ప్రతినే పొయ్యిలో వేయించారు. సూది పట్టినవాడి నోరంటే అంత భయమా అని నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన 1945లో పోయాడు. నిషేధం ఎత్తేసింది 1963లో. ఐరిష్ భాషలో ఆయన చెప్పగా జానపద సేకర్తలు రాసుకున్నవి 1978లో అచ్చయ్యాయి.

క్రాస్ పుస్తకంలో కుట్టు కంటే కబుర్లే ఎక్కువ. కుట్టుపని పిచ్చి ఉన్న నాకు అదొక్కటే కొరత. కథలు సరే, ఆ మందపాటి బట్టలో జేబు ఎలా దించేవాడో కూడా ఒక సాయంత్రం అడిగి ఉండాల్సింది.