ప్రశ్న ఎక్కడ వేయాలో తెలిసిన పాఠం

ఎన్‌సీఈఆర్‌టీ 2007లో తెచ్చిన ఏడో తరగతి సాంఘిక పుస్తకంలో ఒక చొక్కా కథ ఉంది. కర్నూలు పత్తి చేలో మొదలై, ఈరోడ్ బట్టల సంత, ఢిల్లీ దగ్గరి కుట్టు ఫ్యాక్టరీ మీదుగా అమెరికా దుకాణం దాకా సాగుతుంది. పిల్లల చుట్టూ ఉన్న బతుకునే పాఠంగా మలిచే పని మధ్యప్రదేశ్‌లో ఏకలవ్య సంస్థ 1980లలోనే మొదలుపెట్టింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం దాన్ని దేశమంతటికీ దారిగా చూపింది. తెలంగాణ నుంచి వలసవెళ్లిన పద్మశాలీలు స్థిరపడిన సాంచెల (మరమగ్గాల) ఊరు మహారాష్ట్రలోని భీవండి. అక్కడి తరగతిని మనసులో పెట్టుకుని చదివితే ఈ పాఠం పనితనం ఇంకా బాగా తెలుస్తుంది.

ముందుగా స్వప్న. చిన్న రైతు. పంట తనకే అమ్మాలన్న షరతు మీద వ్యాపారి ఆమెకు అప్పిచ్చాడు. పత్తి తూచాక అసలూ వడ్డీ పట్టుకుని, మిగిలింది చేతిలో పెట్టాడు. ఇక్కడ రచయితలు తీర్పు చెప్పరు. న్యాయమైన ధర వచ్చిందా, వ్యాపారి ఎందుకు తక్కువిచ్చాడు అని అడుగుతారు. ఆ వెంటనే, పెద్ద రైతులు పత్తి ఎక్కడ అమ్ముకుంటారు అంటారు. నేర్పంతా ఈ మూడో ప్రశ్నలో ఉంది. మొదటి రెండింటికీ వ్యాపారిని తిట్టి ఊరుకోవచ్చు. మూడోదానికి అలా కుదరదు. అప్పు లేనివాడికే బేరమాడే వీలుంటుందని పిల్లలే తేల్చుకోవాలి.

ఈరోడ్‌లోనూ అంతే. వ్యాపారి నేతగాడికి నూలిచ్చి బట్ట తీసుకుంటాడు. నూలు ఖర్చు తప్పుతుంది, ఏం నేయాలో ముందే తెలుస్తుంది అని పాఠం ఆ పద్ధతిలోని మేలూ చెబుతుంది. బట్ట ఎవరికి పోతుందో, ఎంతకు అమ్ముడవుతుందో నేతగాడికి తెలియదనీ చూపిస్తుంది. సొంతంగా నూలు కొని, నేసి అమ్ముకుంటే మూడింతలు రావచ్చు. అది సాధ్యమేనా, ఎలా? ఈ ప్రశ్నకు జవాబు గైడులో దొరకదు.

భీవండి పిల్లలకు దాని జవాబు వెతకడానికి ఇల్లే చాలు. నూలు ఎవరిది? సాంచె ఎవరిది? కూలి మీటరుకా, నెలకా? కరెంటు పోతే నష్టం ఎవరికి? పాఠంలోని చిన్న నేతగాడికి సొంత సాంచెలున్నాయి. భీవండిలో ఎందరికో ఒక్కటీ లేదు. పరాయి సాంచెల మీద 12 గంటల షిఫ్టు చేస్తారు. ఆ కూలీ వాటా ఎంతన్నది పాఠం అడగలేదు, కానీ అడిగే తీరు నేర్పింది. సాంచెల యజమాని బిడ్డ, కూలీ బిడ్డ ఒకే బెంచీ మీద కూర్చునే చోట టీచరుకు ఒక జాగ్రత్త అవసరం. మీ నాన్నకు ఎంతొస్తుంది అనకూడదు. మీటరు బట్ట మీద వచ్చే డబ్బు ఎవరెవరికి ఎంత పోతుంది అనాలి.

2025లో ఏడో తరగతికి కొత్త పుస్తకం వచ్చింది. అయినా ఆ ప్రశ్నల వరుస ఏ పుస్తకంతోనైనా పనికొస్తుంది: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మరొకరికి అలా ఎందుకు జరగలేదు.