బొచ్చు కింది ఎముక

విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండ్‌లో జంతువుల బొమ్మలంటే ముందు చెప్పుకునే పేరు ఎడ్విన్ లాండ్‌సీర్ (1802–1873). తండ్రి జాన్ లండన్‌లో ఎన్‌గ్రేవర్. రేకు మీద బొమ్మ చెక్కి అచ్చువేయడం ఆ ఇంటి వృత్తి. ఎడ్విన్ బొమ్మలు పదమూడో ఏటే రాయల్ అకాడమీ ప్రదర్శనకు ఎక్కాయి. 1850లో సర్ బిరుదు వచ్చింది. రాణికీ, ఆమె భర్త ఆల్బర్ట్‌కూ ఎచింగ్ (ఆమ్లంతో రేకు మీద బొమ్మ చెక్కడం) నేర్పిన వాళ్లలో ఆయనా ఒకరు.

ఆయన పనితనానికి మూలం తోలు కిందే ఉంది. కళేబరాలు కోసి చూడమని చిత్రకారుడు బెంజమిన్ హేడన్ ప్రోత్సహించాడు. కుర్రవాడు కోశాడు, చూసినదంతా గీసుకున్నాడు. కుక్క ఒరిగితే బరువు ఏ కాలి మీద పడుతుందో, మెడ తిప్పితే ఏ కండ బిగుస్తుందో ఇక ఊహించుకోవలసిన పని లేకపోయింది. లోపలి కట్టడం తెలిసినవాడికి పైబొచ్చు తేలిక. 1845లో ప్రదర్శించిన రెండు స్పానియల్ కుక్కల బొమ్మలో వాటి పక్కనున్న టోపీ ఈక కుచ్చు, చెవుల బొచ్చు దగ్గరికెళ్లి చూస్తే వట్టి కుంచె విసుర్లే. కాస్త వెనక్కి జరిగితే మెత్తదనం తెలుస్తుంది. రెండు రోజుల్లో ముగించారని చెబుతారు.

ఈ విద్య ఎందుకు పనికొస్తుందో 1837 నాటి ‘ముసలి గొర్రెలకాపరి కోసం అందరికన్నా దుఃఖించేవాడు’ అన్న చిత్రం చూపిస్తుంది. గదిలో శవపేటిక, దాని మీద గడ్డం ఆనించిన కుక్క. మనుషులెవరూ లేరు. కుక్క కంట నీరు పెట్టలేదు. పేటికకు ఒత్తుకున్న రొమ్ము, కిందికి జారిన దుప్పటి, ఆనిన తల బరువు: శోకమంతా వీటిలోనే ఉంది. విమర్శకుడు రస్కిన్ ఈ చిత్రాన్ని గొప్పగా మెచ్చుకున్నాడు.

అదే చెయ్యి 1840లో పూడుల్ కుక్కను న్యాయమూర్తిగా కూర్చోబెట్టింది. బొచ్చు అంతే నిజం, కానీ భావం మనిషిది. చూసి నవ్వుకుని ముందుకు వెళ్లిపోతాం. జంతువులకు మనుషుల మనసు అతికిస్తాడన్న విమర్శ ఇలాంటి బొమ్మల వల్లే నిలిచింది.

మరో చిక్కు వేట. 1824 నుంచి స్కాట్లండ్ కొండలకు మళ్లీ మళ్లీ వెళ్లిన లాండ్‌సీర్ తుపాకీ పట్టిన మనిషే. 1851 నాటి ‘లోయ రాజు’ దుప్పిలో వేటగాడి చూపూ, చిత్రకారుడి చూపూ కలిసే ఉన్నాయి. బ్రిటిష్ పార్లమెంటులోని ప్రభువుల సభ ఫలహారశాల కోసం వేసిన ఆ చిత్రానికి దిగువ సభ అయిన కామన్స్ డబ్బు మంజూరు చేయలేదు. అన్న థామస్ చెక్కిన అచ్చు ప్రతులు మాత్రం దాన్ని ఇళ్లకు చేర్చాయి. తర్వాత ఆ దుప్పి విస్కీ ప్రకటనలకూ ఎక్కింది. 2017లో స్కాట్లండ్ జాతీయ గ్యాలరీలు 40 లక్షల పౌండ్లు పోసి అసలు చిత్రాన్ని కొన్నాయి.

1867లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పెట్టిన నాలుగు కంచు సింహాలూ ఆయన రూపమిచ్చినవే. వాటి ముందు పంజాలు కుక్క పంజాల్లా ఉన్నాయని ఎత్తిపొడిచారు. జీవితమంతా కుక్కల్ని గీసిన చేతికి అది పెద్ద నింద కాదు. ఆయన విలువ తేల్చేది జంతువుకు మనసు ఇచ్చాడా లేదా అన్నది కాదు. ఆ మనసు దాని ఒంట్లోంచి పుట్టిందా, పైనుంచి తొడిగిందా అన్నదే.