పట్నం, ఊరు సరే, వాడ ఏదీ?

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధికి 17 లక్ష్యాలు ప్రకటించింది. పదకొండో లక్ష్యంలో ఒక అంశం పట్నానికీ, శివార్లకీ, ఊరికీ మధ్య మంచి ఆర్థిక, సామాజిక, పర్యావరణ సంబంధాలుండాలంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ లెక్కలో ఊరంటే ఎవరు? జవాబు మన భాషలోనే ఉంది. 'ఊరూ వాడా' అంటాం. ఊళ్లో వాడ లేదు కాబట్టే విడిగా చెప్పాల్సొచ్చింది.

పదో లక్ష్యం ఇంకా విచిత్రం. అందర్నీ కలుపుకుపోవాలంటూ వయసు, లింగం, వైకల్యం, జాతి, మతం వరసగా చెప్పింది. కులం మాటెత్తలేదు.

కారంచేడు గొడవ మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. తాగే నీళ్లు పాడుచెయ్యొద్దనడమే తప్పయింది. 1985 జులై 17న ఆరుగుర్ని చంపారు. బతికినవాళ్లు చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపితే మిగిలినవాళ్లకి తెనాలి దిక్కయింది. పట్నానికీ ఊరికీ సంబంధమంటే మనకి ముందు గుర్తొచ్చేది ఈ దారే. ఊళ్లోనే సౌకర్యాలు కల్పిస్తే వలసలు ఆగుతాయనే పండితులు దీన్ని చూడరు. మనవాళ్లు కూలి కోసమే కాదు, ప్రాణం కోసం, మర్యాద కోసం కూడా ఊరు విడిచారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్, ముసాయిదా ఊరిని వదిలి వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నది ఈ ఎరుకతోనే.

అలాగని పట్నం స్వర్గమేం కాదు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. గది అద్దెకడిగితే ముందు ఇంటిపేరు అడిగారు, తర్వాత ఏం తింటావన్నారు. హైదరాబాదు మంజీర నీళ్లూ, కృష్ణ నీళ్లూ తెచ్చుకు తాగి మురుగు మూసీలోకి వదిలింది. దిగువ పొలాలకి పారేది ఆ నీరే. ఆ మడిలో దిగి నాట్లేసే కాళ్లెవరివి? పట్నంలో మ్యాన్‌హోల్లోకి దిగేదెవరు? 2013లో చట్టమొచ్చాక కూడా సెప్టిక్ ట్యాంకుల్లో చావులు ఆగలేదు. పట్నానికీ ఊరికీ మధ్య మురుగు సంబంధం మాత్రం ఎప్పట్నించో పటిష్ఠంగానే ఉంది.

లక్ష్యాలన్నీ తగలెయ్యమని నేననను. నీళ్లూ, రోడ్డూ, బస్సూ మనకీ కావాలి. పట్నం పోయే బస్సు ఎంత ధైర్యమో వాడలో పుట్టినవాళ్లకి తెలుసు. అయితే ప్రతి పథకాన్నీ అడగాలి: పైపు వాడ దాకా వస్తుందా? శ్మశానానికి నేలుందా? పట్నం పోతే గది దొరుకుతుందా? సుస్థిరమంటే నిలిచి ఉండేదని అర్థం. ఊరు ఇప్పుడున్నట్టే నిలిస్తే వెలి కూడా నిలుస్తుంది. దేన్ని నిలబెడుతున్నారో ముందు తేల్చమందాం.