కనుబొమలా, చేతులా?

చిత్రంలోని మనిషి కదలడు, మాట్లాడడు. అతని మనసులో ఏముందో చూసేవారికి తెలియాలంటే ఒంటి తీరే చెప్పాలి. ఇటలీలో ఆల్బెర్టీ 1435లో చిత్రకళపై రాసిన గ్రంథంలో దీన్నొక సూత్రంగా నిలిపాడు. మనసు కదలికలు దేహం కదలికల్లోనే బయటపడతాయన్నది దాని సారం.

ఇంచుమించు అదే కాలంలో రోహిర్ వాన్ డెర్ వైడెన్, యేసును శిలువ మీద నుంచి దించే దృశ్యాన్ని చిత్రించాడు. ఇప్పుడది మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. యేసు దేహం ఏ వంపున వాలిందో, సొమ్మసిల్లిన మరియ దేహమూ అదే వంపున ఒరిగిపోయింది. చెంపలపై కన్నీటి చుక్కలూ ఉన్నాయి కానీ, ఆ వంపు ముందు అవి చిన్నవే.

మూగవారు చేతులతో ఎలా మాట్లాడతారో గమనించమని లియొనార్డో డావిన్చీ చిత్రకారులకు సలహా ఇచ్చాడు. మిలాన్‌లో ఒక మఠం భోజనశాల గోడ మీద 1495–98 ప్రాంతంలో ఆయన వేసిన ‘చివరి విందు’ చూస్తే ఆ సలహా విలువ తెలుస్తుంది. శిష్యుల్లో ఒకడు ద్రోహం చేస్తాడని యేసు చెప్పిన మరుక్షణం అది. ఫిలిప్పు రెండు చేతులూ తన గుండెకే ఆనించుకున్నాడు. అంద్రెయ అరచేతులు రెండూ పైకెత్తాడు. తోమా వేలొకటి పైకి లేచింది. ఆ ద్రోహి యూదా మాత్రం డబ్బు సంచి బిగించి పట్టుకుని వెనక్కి ఒరిగాడు. ఇంత అలజడి నడుమ యేసు ఒక్కడే నిశ్చలం. ముఖాలన్నీ చెరిపేసినా ఎవరి గుండెలో ఏముందో ఆ చేతులే చెబుతాయి. రంగులు ఎంతో రాలిపోయిన గోడ మీద కూడా కథ నిలిచింది అందుకే.

17వ శతాబ్దపు ఫ్రాన్స్ ముఖం వైపు మళ్లింది. ఆత్మ మెదడు నడుమనున్న చిన్న గ్రంథి దగ్గర పనిచేస్తుందని తత్వవేత్త డేకార్ట్ 1649లో రాశాడు. దాన్ని ఆధారం చేసుకుని, మెదడుకు దగ్గరగా ఉన్న కనుబొమలే భావాన్ని అన్నిటికంటే ముందు చెబుతాయని చిత్రకారుడు షార్ల్ లెబ్రన్ 1668లో పారిస్ అకాడమీలో ఉపన్యసించాడు. భయానికొకటి, కోపానికొకటి, ఆశ్చర్యానికొకటి అంటూ ముఖాలు గీసి చూపాడు. తరతరాల విద్యార్థులు వాటిని చూసి దిద్దుకున్నారు. శ్రమ గొప్పదే. అయినా ఆ ముఖాల్లో మనిషికంటే ముసుగే ఎక్కువ కనిపిస్తుంది.

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌కూ ముఖాల సాధన కొత్త కాదు. 1630లో అద్దం ముందు నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసి తన ముఖాన్నే రాగిరేకు మీద చెక్కుకున్నాడు. కానీ లెబ్రన్ ఉపన్యసించిన కాలానికే, ఆమ్‌స్టర్‌డామ్‌లో తన చివరి రోజుల్లో, ‘తప్పిపోయిన కుమారుడి రాక’ వేస్తూ కొడుకు ముఖాన్ని దాదాపు దాచేశాడు. కనిపించేది అతని వీపు, తండ్రి ఒడిలో దూర్చిన గొరిగిన తల, చెప్పు జారిపోయి బయటపడిన అరికాలు. ఆ వీపు మీద ముసలి తండ్రి చేతులు రెండూ ఆని ఉన్నాయి.