సూదికి ముందు చిక్కం

జూలై 6 దగ్గరకొస్తోంది. 1885లో ఆ రోజునే లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కి రేబిస్ టీకా వేయించాడు. దానికి గుర్తుగా మన పశువుల ఆసుపత్రుల్లో ఆ రోజు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మాత్రం అప్పుడు గేటు దగ్గర పెద్ద పెనుగులాటే. ఒకరు తాడు లాగుతారు, ఒకరు వెనక నుంచి నెడతారు, ఇంకొకరు నోరు అదిమి పడతారు. సూది క్షణంలో అయిపోతుంది. కుక్కకు గుర్తుండిపోయేది ఆ పెనుగులాట. మరుసటేడు అది వీధి మలుపులోనే మొరాయిస్తుంది, ‘ఈసారికి వద్దులే’ అని ఇంటాయన వెనక్కి తిప్పుతాడు. టీకా తప్పిన ఆ కుక్కే రేపు మిరప కళ్లం దగ్గర పిల్లల మధ్య పడుకుంటుంది. నా దిగులంతా అదే.

ఆ పెనుగులాట తప్పాలంటే కుక్కకు ముందే చిక్కం అలవాటు చేయాలి. పైరు మేయకుండా ఎద్దు మూతికి కట్టే చిక్కం మనకు కొత్త కాదు. కుక్కకూ బుట్టలాంటి చిక్కం దొరుకుతుంది. అందులో నోరు తెరిచి రొప్పగలదు. తాడుతో మూతి బిగిస్తే అది కుదరదు, మన ఎండల్లో ప్రమాదం కూడా. చిక్కం అడుగున ఉడికిన కోడి కార్జం ముక్క వేసి పట్టుకోండి, మూతికి తొడగొద్దు. మా కుక్క మొదట ముక్కు కొస మాత్రమే పెట్టింది, కళ్లు నా చేతి మీదే ఉన్నాయి. చెయ్యి కదిలితే చాలు, వెనక్కి. కదపకుండా ఉంటే మెల్లగా మూతంతా దూర్చింది. చిక్కం చూడగానే తోకాడించుకుంటూ వచ్చినప్పుడే పట్టీ పెట్టాలి, అదీ ఒక్క క్షణం.

చెవి, పంజా, తొడ దగ్గర చర్మం కూడా ఇలాగే అలవాటు చేయాలి. ముందు తాకడం, ఆ తర్వాతే ముక్క. కుక్కలతో ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త పావ్లోవ్ గంట ముందు మోగించి తర్వాత తిండి పెట్టాడు. వరస తప్పితే ముక్క చూడగానే ఏదో చేయబోతున్నారని కుక్క బెదురుతుంది.

మన ఆసుపత్రులు ఎక్కువగా ఎద్దులకూ గేదెలకూ కట్టినవి. కుక్కకు అక్కడంతా కొత్తే. అందుకే రద్దీ లేని రోజున దాన్ని ఊరికే తీసుకెళ్లి, గేటు దగ్గర నాలుగు ముక్కలు పెట్టి తీసుకొచ్చేయండి. టీకా రోజున వంతు వచ్చేదాకా బయట చెట్టు కింద ఉండండి. బల్ల ఎక్కించకుండా నేల మీదే చూడమని డాక్టరుగారిని అడగండి. తిండి లేకుండానే పెదాలు నాక్కుంటున్నా, ఊరికే ఆవలిస్తున్నా, కంటి తెల్లగుడ్డు కనిపిస్తున్నా అది భయమే, గద్దించకండి.

ఇంత చేసినా వణికేవి కొన్ని ఉంటాయి. వాటికి భయం తగ్గేలా ముందుగా వేసే మాత్రలున్నాయి. మోతాదు డాక్టరుగారే చెప్పాలి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర సగం విరిచి వేయకండి.