ఫైనల్లీలో బ్రేక్ దేనికి?

కోడ్ రివ్యూకి వచ్చిన ఫైల్లో ‘ఫైనల్లీ’ కనబడితే నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. తెరిచిన ఫైల్ మూశారా, పట్టిన లాక్ వదిలారా అన్నంతవరకే దాని పని. బ్రేకో రిటర్నో ఉంటే మాత్రం ఇక ముందుకు కదలను.

ఎందుకంటారా? పైథాన్‌లో ఓ ఫర్ లూప్ రాసి, ట్రైలో ఒకటిని సున్నాతో భాగించండి. కింద ఫైనల్లీలో బ్రేక్ పెట్టి, లూప్ తర్వాత ‘అయిపోయింది’ అని ప్రింట్ చేయించండి. నడిపితే ‘అయిపోయింది’ అనే వస్తుంది. మరి ఎర్రర్ ఏదీ? ఎక్సెప్షన్ పైకి పోవాలంటే ఫైనల్లీ పూర్తి కావాలి. ఈలోపే బ్రేక్ లూప్‌లోంచి దూకేసింది, ఎక్సెప్షన్ గాల్లో కలిసిపోయింది. కంటిన్యూ అయితే ఇంకా చోద్యం. అంతులేని లూప్‌లో ట్రై నడుస్తుండగా కంట్రోల్-సి నొక్కినా ప్రోగ్రామ్ ఆగదు. అదీ ఎక్సెప్షనే కదా! 3.8కి ముందు కంటిన్యూని అక్కడ రాయనిచ్చేవారే కాదు.

టెస్టులు రాసేవాళ్లు బోల్తా పడేదీ ఇక్కడే. ‘లూప్ మొదటి చుట్టులోనే ఆగిందా?’ అని అడిగే టెస్టు హాయిగా పాసవుతుంది. ఆగింది మరి! అడగాల్సింది ‘ట్రైలో పుట్టిన ఎర్రర్ బయటికొచ్చిందా?’ అని. యూనిట్‌టెస్టులో అసర్ట్‌రెయిజెస్‌తో ఒక్క ముక్క రాస్తే బండారం బయటపడుతుంది. ఫైనల్లీ లోపలే మొదలై అక్కడే ముగిసే లూప్‌లో బ్రేక్ ఉంటే తప్పు లేదు, అది గడప దాటదు. దానికీ ఒక టెస్టు పక్కన పెట్టుకోవాలి.

దీన్ని నిషేధిద్దామని 2019లో పెప్ 601 అనే పైథాన్ మార్పు ప్రతిపాదన వచ్చింది; తోసిపుచ్చారు. తర్వాత పైథాన్ కోర్ డెవలపర్ ఇరిత్ కాట్రియెల్ బాగా వాడుకలో ఉన్న 8000 ప్యాకేజీలు గాలిస్తే 203 చోట్ల ఇలాంటివి దొరికాయి. వాటిలో సరైనవి 46. స్పష్టంగా తప్పనిపించేవి 149! దాంతో పెప్ 765 నెగ్గింది. 2025లో వచ్చిన పైథాన్ 3.14 ఇప్పుడు సింటాక్స్ వార్నింగ్ ఇస్తోంది.

నన్నడిగితే అది చాలదు. కంపైలైన ఫైల్ క్యాష్‌లో ఉంటే రెండోసారి ఆ వార్నింగ్ కనబడనే కనబడదు. సీషార్ప్‌లో ఫైనల్లీలోంచి బయటికి దూకబోతే కోడ్ కంపైలే కాదు. అదీ పద్ధతి. పాత పైథాన్ వెర్షన్‌లోనే ఉన్నవాళ్లు రఫ్ లింటర్‌లో బి012 రూల్ ఆన్ చేసి, ఈ వారమే మీ కోడంతా ఒకసారి గాలించండి.