ఉత్తుత్తి నిశ్చితార్థం, అసలైన పెళ్లికొడుకు

జార్జెట్ హేయర్ 1953లో రాసిన ‘కోటిలియన్’ నవలలో పెళ్లికొడుకుకి పెళ్లంటేనే గిట్టదు. పెళ్లికూతురి మనసు ఇంకొకడి మీద ఉంది. అయినా కథ ఇంకా పుంజుకోకముందే ఇద్దరికీ నిశ్చితార్థం అయిపోతుంది. ఆ అబద్ధం ఎలా నిజమైందన్నదే తక్కిన పుస్తకమంతా.

కాలం రీజెన్సీ ఇంగ్లండు, పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లు. పిసినారి ముసలాయన పెనికుక్ తాను పెంచిన కిట్టీకి ఆస్తంతా రాస్తానంటాడు, తన వరస మనవల్లో ఒకణ్ణి చేసుకుంటేనే. కిట్టీ మనసుపడ్డ జాక్ పిలిచినా రాడు. ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా అతనిది. రోషంతో ఇల్లు వదిలిన కిట్టీకి సత్రంలో ఆ మనవల్లోనే ఒకడైన ఫ్రెడీ కనిపిస్తాడు. చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు, సోకులరాయుడు, నెమ్మదస్తుడు. కావలసినంత డబ్బుంది కనుక ముసలాయన ఆస్తి మీద ఆశ లేదు. కొన్నాళ్లు నాకు కాబోయే మొగుడిగా నటించు, లండన్ చూసొస్తానని కిట్టీ బతిమాలుతుంది. జాక్‌కి అసూయ పుట్టించాలన్నది పైకి చెప్పని ఎత్తు.

ఆ రోజుల్లో మాటిచ్చిన మగవాడు వెనక్కి తగ్గితే పరువు పోవడంతో సరిపోదు, ఆడపిల్ల కోర్టుకెక్కి నష్టపరిహారం రాబట్టుకోవచ్చు. ఇంగ్లండులో ఆ హక్కును 1970 చట్టంతో గాని ఎత్తెయ్యలేదు. సంబంధం వద్దనుకునే వెసులుబాటు మర్యాదస్తుల లోకంలో ఆడపిల్లదే. అంటే నటించడానికి ఒప్పుకుని, ముడి విప్పే కొస కిట్టీ చేతిలో పెట్టేశాడు ఫ్రెడీ.

హేయర్ పనితనమంతా ఇక్కడుంది. నిశ్చితార్థం ఉత్తుత్తిదే, దాని బాధ్యతలు మాత్రం అసలువి. ఫ్రెడీ ఇంట్లో పిల్లలకి తట్టు పోసింది, కిట్టీ ఎక్కడ దిగాలి? చెల్లెలు మెగ్ ఇంట్లో ఉంచుదామన్న ఆలోచన ఫ్రెడీదే. కిట్టీ ఊరు చూడాలంటే తీసుకెళ్లాల్సిందీ అతనే. పార్లమెంటు 1816లో కొన్న ఎల్గిన్ శిల్పాల ముందు నిలబడి, ఒకదానికి తల లేదు, ఒకదానికి చెయ్యి లేదని ఉడుక్కుంటాడు. చదువుతూ నవ్వుకుంటాం. ఆ నవ్వులో పడి, ఇష్టం లేని చోటికి ఆమె కోసం వచ్చాడన్న సంగతి అప్పటికి పట్టించుకోం. ఒకే సంఘటనతో ఇటు హాస్యం, అటు ప్రేమ నడిపించడం హేయర్‌కి వెన్నతో పెట్టిన విద్య.

సంభాషణలూ అంతే. జాక్ మాట నున్నగా, తడుముకోకుండా సాగుతుంది. ఫ్రెడీ సగం వాక్యం మింగేసి మిగతాది అంటాడు. మొదట్లో ఆ తెగిన మాటలు తెలివితక్కువతనంలా వినిపిస్తాయి. సగం పుస్తకం దాటాక అవే మాటలు ఆసరాలా తోస్తాయి. అతని ధోరణి ఏమీ మారలేదు, మన చెవే మారింది. కొడుకుని పెద్ద తెలివైనవాడిగా ఎన్నడూ లెక్కించని తండ్రి లార్డ్ లెగర్‌వుడ్ కూడా మనతో పాటే తన అంచనా దిద్దుకుంటూ వస్తాడు.

ముగింపులో ఒక రహస్య వివాహం ఉంది. పెనికుక్ వరస మనవల్లో ఇంకొకడు, తల్లికి హడలి చచ్చే డాల్ఫింటన్‌నీ, అతను కోరుకున్న హానానీ కిట్టీ దగ్గరుండి పాస్టరు హ్యూ దగ్గరికి తీసుకెళ్తుంది. వధూవరులున్నారు, పెళ్లి చేసేవాడున్నాడు. చర్చిలో ముందస్తు ప్రకటనలు లేకుండా, అనుకున్న చోట పెళ్లి జరగాలంటే కావలసిన ప్రత్యేక లైసెన్సు మాత్రం లేదు. ఆ సంగతే ఆమెకి తట్టలేదు. ఫ్రెడీ తెచ్చాడు. ఇంత చిన్న కాగితం ఇక్కడ కథానాయకుడి ఆయుధం. అదేదో అదృష్టవశాత్తూ దొరికినట్టు అనిపించదు. ఇలాంటి చిల్లర పనులు మరిచిపోనివాడని మనకి ముందునుంచీ రుజువు చేస్తూనే వచ్చింది రచయిత్రి.

లోపం లేకపోలేదు. డాల్ఫింటన్ మందబుద్ధిని మొదట్లో నవ్వులాటకి వాడుకున్న తీరు ఈనాటి పాఠకుడికి ఇబ్బందే. తర్వాత అతనికి దక్కిన మర్యాద ఆ కొరతని కొంత తీరుస్తుంది.

రాక్షసుల్ని చంపే వీరుడితో తనకేం పని అని కిట్టీ ఒకచోట తేల్చేస్తుంది. ఆ తర్వాతే, ఆమెని చులకన చేసిన జాక్‌ని ఫ్రెడీ ఒక్క దెబ్బతో పడగొడతాడు. వేరే రచయితయితే ఆ దెబ్బ చూపించి ప్రేమ పుట్టించేవాడు. హేయర్ మాత్రం ప్రేమ ఖాయమయ్యేదాకా అతని చేత చెయ్యెత్తించలేదు.